క్రొత్త ఆపరేటింగ్ సిస్టము: ముందు పరీక్ష, తరువాత మార్పు
(గ్రామపంచాయతి సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



ఒకప్పుడు బీరువాలో ఉండిన పద్దులు చాలవరకు నేడు బల్లమీది కంప్యూటరులోనికి వచ్చి చేరినవి. వీనిలో ఈ-గ్రామస్వరాజ్ వంటి ప్రభుత్వ వ్యవస్థలలో నమోదైనవి వేరొకచోట భద్రముగా ఉండును. ఇంటిపన్ను బకాయిల పట్టికలు, కుళాయిల జాబితా, తీర్మానముల నకళ్లు, పై కార్యాలయములకు వ్రాసిన జాబులు మొదలైనవి కార్యదర్శి తన సౌకర్యము కొరకు వ్రాసి పెట్టుకొన్నవి. అవి మాత్రము తరచుగా ఆ ఒక్క పెట్టెలోనే ఉండును. ఆ పెట్టెను గురించియే నేడు ముచ్చటింపదలచినాము.

కంప్యూటరు మీట నొక్కినది మొదలు ఆపువరకు దాని అంగములన్నిటిచేతను పని చేయించు మూలకార్యక్రమమునకు ఆపరేటింగ్ సిస్టమని పేరు. మన కార్యాలయములలో విండోస్ అలవాటైనది. అందు విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థ 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ మద్దతును ముగించినది. ప్రత్యేకముగా నమోదు చేసికొన్న యంత్రములకు తప్ప, తక్కినవానికి ఆ తేదీ తరువాత కనబడిన లొసుగులను పూడ్చు సవరణలు రావు. యంత్రము మాత్రము ఎప్పటివలెనే నడుచుచుండును. అందుచేతనే ఈ ప్రమాదము కంటికి కనబడదు. విండోస్ 11 వేయుదమన్న, అది టి.పి.ఎం. 2.0 అను భద్రతా ఏర్పాటును, ఇంటెల్ ప్రాసెసరైనచో సాధారణముగా ఎనిమిదవ తరమునో ఆపైదానినో కోరును. పాత పెట్టెలు పెక్కు ఈ పరీక్షలో నిలువవు.

ఇట్టి పెట్టెలకు లినక్సు వేయవచ్చునని తెలిసినవారు సలహా చెప్పుచున్నారు. సలహా మంచిదే. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి ఆరంభించిన ఈ మూలకార్యక్రమము నేడు ప్రపంచమంతట వాడుకలో ఉన్నది. ఉబుంటు, లినక్స్ మింట్ అనునవి దీని రూపములే. మన దేశమున సి-డాక్ సంస్థ తయారుచేసిన బాస్ అనునదియు ఇట్టిదే. వీనిని వెల యిచ్చి కొననక్కరలేదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు ఏండ్ల తరబడి లినక్సుమీదనే కంప్యూటరు నేర్చుకొనుచున్నారు.

అయితే ఎవరో ఉత్సాహవంతుడైన యువకుడు వచ్చి, అరగంటలో మార్చి పోయెదనన్నచో, సభ్యులు వెంటనే సరే యనరాదు. క్రొత్త సిస్టమును స్థాపించునపుడు, డిస్కు మొత్తము చెరిపి వేయుదునా యని యంత్రము ఒకచోట అడుగును. ప్రశ్న ఇంగ్లీషున ఉండును, గుండీ ఎదుటనే ఉండును. ఒక్క నొక్కుతో పన్నుల పట్టికలు, జాబులు, నకళ్లు అన్నియు పోవును. తిరిగి రప్పించుట నిపుణులకును కష్టము, పలుమారులు అసాధ్యము.

సంతలో ఎడ్లను కొనువాడు కాడి కట్టి, నాలుగడుగులు నడిపించి చూచును గదా. లినక్సుకు అట్టి సదుపాయమే కలదు. దీనిని లైవ్ పద్ధతి యందురు. సిస్టమునంతను ఒక పెన్‌డ్రైవులో ఎక్కించి, కంప్యూటరును దానినుండియే నడిపింపవచ్చును. లోపలి డిస్కు జోలికి పోనక్కరలేదు. ఆపి, పెన్‌డ్రైవు తీసి మరల మీట నొక్కినచో పాత విండోస్ యథాప్రకారము వచ్చును.

ముందుగా అవసరమైన ఫైళ్లన్నిటిని వేరొక డిస్కులోనికి నకలు చేయవలెను. ఆ నకలు తెరచుకొనుచున్నదో లేదో మరియొక కంప్యూటరుమీద చూడవలెను. తెరచి చూడని నకలు నకలు కాదని మా అభిప్రాయము. కొన్ని యంత్రములలో డిస్కుకు బిట్‌లాకర్ అను తాళముండును. అది ఒక్కొక్కప్పుడు 48 అంకెల సంఖ్య నడుగును. ఆ సంఖ్యను కాగితముమీద వ్రాసి బీరువాలో పెట్టిన పిమ్మటనే పని ఆరంభింపవలెను.

పెన్‌డ్రైవు క్రొత్తదిగా ఉండుట మేలు. 8 జీబీది సామాన్యముగా చాలును, 16 జీబీదైన నిశ్చింత. సిస్టమును ఎక్కించునపుడు అందున్నదంతయు చెరిగిపోవును. రికార్డుల నకలున్న పెన్‌డ్రైవునే పొరపాటున ఇందుకు వాడుట కద్దు. సిస్టము ఫైలును తయారుచేసినవారి స్వంత వెబ్‌సైటునుండియే దింపుకొనవలెను. ఎక్కించుటకు రూఫస్ వంటి చిన్న కార్యక్రమములు ఉచితముగా దొరకును. తరువాత పెన్‌డ్రైవును తగిలించి, కంప్యూటరు మేల్కొనుచుండగా డెల్, లెనోవో యంత్రములలో సాధారణముగా ఎఫ్12, హెచ్.పి.లో ఎఫ్9 మీట నొక్కినచో దేనినుండి నడువవలెనో అడుగు పట్టిక వచ్చును. ఉబుంటులో పరీక్షించుట, స్థాపించుట అని రెండు దారులు కనబడును. మొదటిదే మనది.

పెన్‌డ్రైవునుండి నడుచునపుడు వేగము తక్కువగా ఉండును. దానిని చూచి చెడ్డదని త్రోసివేయరాదు. అందులో వ్రాసినది ఆపగానే పోవుననియు, తెరమీద కనబడు లోపలి డిస్కును తెరచి ఫైళ్లను కదలించినచో అవి నిజముగానే కదలుననియు ఎరుగవలెను.

ఇక పరీక్షింపవలసినది తెరమీది సొగసును గాదు, కార్యాలయపు పనిని. ప్రింటరు కాగితము తీయుచున్నదా, ఇంటర్నెట్టు వచ్చుచున్నదా యని చూచుట సులభమే. తెలుగు విషయము అంత సులభము గాదు. యూనికోడ్‌లో వ్రాసినది ఇబ్బంది లేక కనబడును. కాని పాత జాబులు పెక్కు అనూ ఫాంట్లతో టైపు చేసినవి. ఆ ఫాంటు లేనిచోట అవి అర్థము లేని ఇంగ్లీషు అక్షరములుగా కనబడును. పదేండ్ల తీర్మానములు అట్లు కనబడినచో వానిని ఎవరు చదువవలెను? కావున పాత ఫైళ్ల నకళ్లు కొన్ని తెరచి చూడవలెను. ముఖ్యమైనవానిని పాత యంత్రముమీద ఉండగనే పి.డి.ఎఫ్.గా మార్చి ఉంచుకొనవలెను.

అన్నిటికంటె గట్టి పరీక్ష డిజిటల్ సంతకపు టోకెనుది. పంచాయతి చెల్లింపులు దానిమీదనే జరుగుచున్నవి. దాని డ్రైవరు, సంతకము చేయించు కార్యక్రమము లినక్సుమీద నడచునా లేదా యని టోకెను ఇచ్చినవారినే అడిగి, టోకెను గుర్తింపబడుచున్నదేమో చూడవలెను. నిజమైన బిల్లుతో ప్రయోగము చేయరాదు. అది నడువనిచో, చెల్లింపులు చేయు యంత్రమునకు మద్దతున్న విండోస్‌నే ఉంచి, జాబులు వ్రాయు రెండవ యంత్రమునకు లినక్సు వేయుట తెలివైన పని.

ఇట్లు పది పదునైదు దినములు కార్యదర్శియు, ఆపరేటరును వాడి చూచి చెప్పిన పిమ్మట సమావేశమున చర్చించి, పై కార్యాలయపు అనుమతి అవసరమైనచో దానిని పొంది, తీర్మానము వ్రాసికొని మార్చవచ్చును. అప్పుడైనను పాత డిస్కును చెరుపకుండుట మా సలహా. క్రొత్త ఎస్.ఎస్.డి. డిస్కు నొకటి కొని దానిలో క్రొత్త సిస్టమును వేయించి, పాత డిస్కును ఊడదీసి, పేరు, తేదీ వ్రాసిన కాగితము అంటించి, కనీసము ఒక ఆడిట్ పూర్తియగువరకు బీరువాలో భద్రపరుపవలెను.