ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారు?

(రాజమండ్రిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను వలస గురించి మాట్లాడమన్నారు. వలస అనగానే మనకు వెళ్ళినవాళ్ళే గుర్తొస్తారు. పాస్‌పోర్టు, వీసా, ఏజెంటు చేసిన మోసం, అక్కడి యజమాని పెట్టిన బాధలు - వీటి మీద మనం పనిచేశాం, ఇంకా చేయాలి. నేనివాళ మన దృష్టి అంతగా పడని విషయం ఒకటి చెప్తాను. భార్యాభర్తల్లో ఒకరు దూరదేశంలో ఉన్నప్పుడు ఇక్కడ ఇల్లు ఎవరు నడుపుతున్నారు? అలా నడిపే మనిషికి ఏ అధికారం ఉంది?

మన గోదావరి జిల్లాలకి ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. మన తాతల కాలంలో కాకినాడ రేవులో ఓడెక్కి 'రంగం' వెళ్ళేవాళ్ళు. కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగు కూలీలను కోరంగీలనేవారు. 1930లో రంగూన్‌లో వాళ్ళ మీద జరిగిన దాడులూ, 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు అడవులు దాటి నడిచొచ్చిన జనం కష్టాలూ చరిత్రకెక్కాయి. వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. వాళ్ళ భార్యలు ఇక్కడ పిల్లల్ని ఎలా పెంచారో, అప్పులెలా తీర్చారో, డబ్బు రాని ఏళ్ళు ఎలా నెట్టుకొచ్చారో మాత్రం ఆ చరిత్రలో వెతికినా దొరకడం కష్టం.

1970ల తర్వాత దారి గల్ఫ్ వైపు తిరిగింది. కోనసీమ నుంచీ, నరసాపురం వైపు నుంచీ మగవాళ్ళు వెళ్ళారు. ఆడవాళ్ళు కూడా ఇంటిపని కోసం కువైట్‌కి పెద్దఎత్తున వెళ్ళారు, ఇప్పటికీ వెళ్తున్నారు. కాబట్టి రెండు రకాల ఇళ్ళనీ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం మనకుంది.

ముందు భర్త వెళ్ళిన ఇల్లు చూద్దాం. అమలాపురం దగ్గర ఒకావిడ నాతో అన్నారు: "ఆయనెళ్ళి ఏడేళ్ళయిందండి. వరదొస్తే సామాన్లు అటకెక్కించింది నేనే. అత్తగారిని కాకినాడ ఆస్పత్రికి తిప్పింది నేనే. పిల్ల సంబంధం మాటకొస్తే మటుకు ఆయన వచ్చేదాకా ఆగాలంటండి." పిల్లవాడి పేర బ్యాంకు ఖాతా తెరవబోతే తండ్రి సంతకం కావాలన్నారట. ఆయన పంపే డబ్బు మామగారి ఖాతాలో పడుతుంది. ఉప్పుకీ పప్పుకీ ఆవిడ చెయ్యి చాపాలి. పైగా సాయంత్రం బజారుకి రెండుసార్లు వెళ్తే మొగుడు దగ్గర లేని ఆడదని వీధంతా కాపలా. ఆయన సెలవు మీద వచ్చిన రెండు నెలలూ ఆయనే యజమాని. విమానం ఎక్కగానే పనులన్నీ మళ్ళీ ఆవిడవి.

ఇప్పుడు భార్య వెళ్ళిన ఇల్లు. ఆమె ఖాళీ చేసిన చోటులోకి భర్త రావడం చాలా అరుదు. ఆమె తల్లి వస్తుంది, లేకపోతే పెద్ద కూతురు. తల్లి కువైట్ వెళ్ళిందని బడి మానేసి తమ్ముళ్ళకి వండిపెట్టే అమ్మాయిల్ని మీ ఊళ్ళలో మీరూ చూసే ఉంటారు. ఆ తల్లి అక్కడ గిన్నెలు తోముతూనే ఫోనులో ఇక్కడి ఇల్లు నడుపుతుంది. జ్వరానికి ఏ మందు వెయ్యాలో, చీటీ డబ్బు ఎవరికి కట్టాలో, పిల్ల ఎవరితో మాట్లాడుతోందో అన్నీ ఆమే చూసుకోవాలి. జీతం భర్త ఖాతాలో పడుతుంది. ఆమె డబ్బుతో కొన్న స్థలం ఆయన పేర రిజిస్టరవుతుంది. తిరిగొచ్చాక ఆమెకి మిగిలేవి నడుంనొప్పీ, చాటుమాటు గుసగుసలూ.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వంట, బట్టలు, పిల్లల్ని చూడటం, ముసలివాళ్ళకి చేయడం - ఇవే పనులు కువైట్‌లో చేస్తే దినార్లలో జీతం. 2015లో అక్కడ చేసిన చట్టం ఇంటిపనివాళ్ళ చేత రోజుకి 12 గంటలకి మించి చేయించకూడదనీ, వారానికో రోజు సెలవివ్వాలనీ చెప్తుంది. అది ఎంతవరకూ అమలవుతోందన్నది వేరే పోరాటం. కనీసం అది పనేనని ఒప్పుకున్నారు. అదే పని ఇక్కడ ఆమె తల్లి చేస్తే దాన్ని పని అనేవాళ్ళే లేరు.

మన నరసాపురం లేసు సంగతి కూడా ఇలాంటిదే. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1982లో అచ్చయిన పుస్తకంలో దాన్ని బయటపెట్టింది. ఇక్కడి స్త్రీలు అల్లిన లేసు విదేశాలకి ఎగుమతవుతుంది. వాళ్ళు మాత్రం ఖాళీగా ఇంట్లో కూర్చునే ఇల్లాళ్ళు!

చదువుకున్న కుటుంబాల్లో ఇలా ఉండదని అనుకుంటాం. రాజమండ్రిలో ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి పెళ్ళయి హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్తుంది. కన్సల్టెంటు భర్త సోమవారం విమానమెక్కి గురువారం రాత్రికి దిగుతాడు. మంచు కురిసే ఊళ్ళో ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఇల్లు నడిపేది ఆమె. 2015 దాకా ఆ వీసా మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఆ తర్వాత కూడా కొందరికే అనుమతి దొరికింది. వీసా కాగితం ఆమెని 'డిపెండెంట్' అంటుంది. ఆమె లేకపోతే ఆ భర్త విమానమెక్కగలడా? ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారు?

కూలి కుటుంబానికీ ఇంజనీరు కుటుంబానికీ డబ్బులో ఎంతో తేడా ఉంది. గల్ఫ్‌లో ఇంటిపని మనిషి కష్టాన్ని అమెరికా ఇల్లాలి కష్టంతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. ఎవరు ప్రయాణం చేసినా బాధ్యత స్త్రీ మీదా, సంతకం పురుషుడి చేతిలోనూ ఉండిపోవడం మాత్రం అన్నిచోట్లా కనిపిస్తోంది.

దీన్ని మార్చడానికి కొంత దారి ఇప్పటికే ఉంది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం మైనరు బిడ్డకి సహజ సంరక్షకుడు తండ్రి, 'ఆయన తర్వాత' తల్లి అంటుంది. గీతా హరిహరన్ కేసులో 1999లో సుప్రీంకోర్టు ఆ 'తర్వాత' అన్న మాటకి 'చనిపోయిన తర్వాత' అన్న ఒక్క అర్థమే లేదని తేల్చింది. తండ్రి దగ్గర లేనప్పుడు, పట్టించుకోనప్పుడు కూడా తల్లే సంరక్షకురాలని చెప్పింది. 2016 చివర్లో మారిన నిబంధనల ప్రకారం పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లి పేరొక్కటే ఇచ్చినా సరిపోతుంది. ఈ సంగతులు మన బ్యాంకు కౌంటర్ల దాకా, బడి ఆఫీసుల దాకా ఎంతవరకూ వచ్చాయి? తీసుకెళ్ళాల్సింది మనమే.

అందుకే వెళ్ళేముందు ఇచ్చే సలహాల్లో ఇవి కూడా చేర్చండి. వెళ్ళే స్త్రీకి తన ఒక్కదాని పేర బ్యాంకు ఖాతా ఉండాలి. ఇంటి ఖర్చుకి ఎంత పంపాలో, తనకోసం ఎంత దాచుకోవాలో ముందే తేల్చుకోవాలి. భర్త వెళ్తుంటే భార్య పేర పవరాఫ్ అటార్నీ రాయించాలి. ఇప్పటికే వెళ్ళిపోయి ఉంటే అక్కడి భారత రాయబార కార్యాలయంలో చేయించి పంపవచ్చు. వీసా, పాస్‌పోర్టు, పని ఒప్పందం నకళ్ళు ఇంట్లో ఉండాలి. విదేశీ డబ్బుతో కొన్న ఆస్తిలో భార్య పేరుండాలి. పెద్దకూతురు బడికి వెళ్తోందా అని సంఘం నెలనెలా అడగాలి. అన్నిటికంటే కష్టమైంది ఇంకొకటి ఉంది. ఊళ్ళో మిగిలిన భర్తలతో కూర్చుని పొయ్యి దగ్గరి పని గురించి మాట్లాడాలి. ఆ మాట ఎత్తడానికి మనమే ఇంకా మొహమాటపడుతున్నాం.

అమలాపురం ఆవిడ చివర్లో నన్నో మాట అడిగారు. "ఆయన పూర్తిగా వచ్చేస్తే ఇన్నాళ్ళూ నేర్చుకున్నదంతా నేను మర్చిపోవాలాండీ?" నేనప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆవిడ పేరు లేని ఆ ఇంటి కాగితాలు మారితే తప్ప నా జవాబుకి విలువుండదు. మీమీ ఊళ్ళలో ఆ కాగితాల దగ్గర మొదలుపెట్టండి.

సెలవు.