రాతిలో బంగారం
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)

నగల బంగారం సంగతి ఇక్కడున్న ఆడపడుచులకే బాగా తెలుసు. నేను రాతిలో దొరికే బంగారం గురించి నాలుగు మాటలు చెబుతాను.

భూగర్భ సర్వేలో చేరిన కొత్తలో రామగిరి దగ్గర క్యాంపు వేశాం. అప్పుడది అనంతపురం జిల్లా. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. పాత బంగారు గనులున్న ప్రాంతం. ఒక రైతు బావి తవ్వుతుంటే బయటపడిన పలుగురాయిని తువ్వాలులో కట్టి తెచ్చాడు. రాతిలో అక్కడక్కడా పచ్చటి మెరుపు.

"ఏం సామీ, బంగారమేనా?"

"అట్లాగే ఉందయ్యా" అనేశాను.

ఆయన బావి పని ఆపేశాడు. అప్పు చేసి, ఆ పలుగురాయి చార వెంట పక్కకు తవ్వించాడు. నెల తర్వాత మా పై అధికారి వచ్చి ఆ మెరుపు మీద సుత్తితో ఒక్క దెబ్బ వేశారు. పొడి అయిపోయింది, గంధకం వాసన వచ్చింది. అది పైరైటు, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. బంగారమైతే పగలదు, రేకులా సాగుతుంది. ఇది చదువుకున్న సంగతే. సుత్తి నా సంచిలోనే ఉంది, తీయలేదు.

గుండుసూదితో గీస్తే బంగారం మీద గీత పడుతుంది, పైరైటు మీద పడదు. మెరుగు లేని పింగాణీ పలక మీద రుద్దితే బంగారం పసుపు గీత ఇస్తుంది, పైరైటు నల్లటి గీత ఇస్తుంది. బరువులో నీటికి బంగారం 19 రెట్లు, పైరైటు 5 రెట్లు. అయితే సహజ బంగారంలో వెండి కలిసి ఉంటుంది కనుక రంగూ బరువూ కొంత తగ్గుతాయి. ఇక అభ్రకం రేకులు తిప్పినప్పుడే తళుక్కుమంటాయి; బంగారం నీడలోనూ అదే పసుపు.

ఇంకో చిక్కుంది. పైరైటు ఉన్నచోట బంగారం ఉండదనీ చెప్పలేం. రెండూ ఒకే రాతిలో ఉండవచ్చు, బంగారం కంటికి ఆనకపోవచ్చు. అలాంటప్పుడు రాయిని పొడిచేసి ప్రయోగశాలలో తేల్చాల్సిందే. గనిలో కూడా టన్ను రాతికి దక్కేది కొద్ది గ్రాములే.

ఆ రైతు అప్పు తీరడానికి మూడు పంటలు పట్టింది. మళ్ళీ వెళ్ళినప్పుడు నన్ను ఒక్క మాట అనలేదు, మజ్జిగ ఇచ్చాడు. ఆయన ఇచ్చిన రాయి ముక్క ఇదిగో, సూది కూడా తెచ్చాను. వరసగా అందుకుని గీసి చూడండి. సెలవు.