పాఠం అప్పజెప్పించుకునేవారు కావాలి

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)





దాతలు ఇచ్చిన డబ్బుతో ఫీజులు కడుతున్నాం, నోటుపుస్తకాలు కొంటున్నాం. ఇవి పిల్లవాణ్ణి బడి గుమ్మం దాటిస్తాయి. దాటాక చదివింది నిలవకపోతే పదో తరగతి దగ్గరో, ఇంటర్ దగ్గరో ఆగిపోతాడు. ఇచ్చినవారి సవాబ్ ఎక్కడికీ పోదు. కానీ పిల్లవాడి ఏడాది పోతుంది. అందుకే ఈరోజు ఎంత చదవాలన్నది కాకుండా, ఎలా చదవాలన్నది మాట్లాడతాను.

మన పిల్లల్లో చాలామంది కష్టపడుతూనే ఉన్నారు. రాత్రి పదకొండు దాకా పుస్తకం తెరిచే ఉంటుంది. అదే పేజీ మళ్లీ మళ్లీ చదువుతారు. కళ్లకు అలవాటైపోయిన పేజీ మనకు వచ్చేసినట్టే అనిపిస్తుంది. పరీక్ష హాల్లో పుస్తకం ఉండదు. అక్కడ తెలుస్తుంది అసలు సంగతి.

అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదివారు. మరికొందరు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతలూ పుస్తకం చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత లెక్క తిరగబడింది. చదువుతూ కూర్చున్నవాళ్లకు 40 శాతం గుర్తుంటే, చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. పిల్లలు మోసపోయేది ఆ మొదటి అయిదు నిమిషాల దగ్గరే.

మరుపు సంగతి ఇంకా పాతది. జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే పరీక్షలు చేసుకుని 1885లో పుస్తకం రాశాడు. అర్థం లేని అక్షరాల వరుసలు కంఠస్థం చేస్తే, ఒక్క గంటలోనే సగానికి పైగా జారిపోయాయి. మన కొల్లేరునే చూడండి. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తుంటే ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతూ ఉంటుంది. జ్ఞాపకమూ అంతే. పోయేది పోతూనే ఉంటుంది, మనం మళ్లీ మళ్లీ నింపుకోవాలి.

ఈ విద్య మనకు కొత్తది కాదు. మన మదరసాల్లో హిఫ్జ్ చేసే పిల్లల్ని చూడండి. ఆరు వేలకు పైగా ఆయతులు, 30 పారాలు గుండెలో నిలుపుకుంటారు. ఎలా? రోజూ కొత్త పాఠం ‘సబఖ్’. ఈమధ్య నేర్చుకున్నది ‘సబ్ఖీ’. ఎప్పుడో నేర్చిన పాత పారాలు ‘మన్‌జిల్’. మూడూ చూడకుండా ఉస్తాద్‌కు అప్పజెప్పాలి. తప్పు వస్తే అక్కడికక్కడే దిద్దుతారు. హాఫిజ్ అయ్యాక కూడా ఇది ఆగదు. రంజాన్ తరావీహ్‌లో ఇమామ్ ఎక్కడైనా ఆగితే వెనకనుంచి లుఖ్మా ఇచ్చేవారు ఉంటారు. శాస్త్రజ్ఞులు ప్రయోగాలతో చెప్పిన మాటను మన ఉస్తాద్‌లు తరతరాలుగా ఆచరణలో చూపిస్తున్నారు.

ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఖురాన్‌ను అక్షరం తప్పకుండా కంఠస్థం చేయాలి. సైన్స్ పాఠాన్ని అర్థం చేసుకుని సొంత మాటల్లో చెప్పాలి. లెక్కను గైడు మూసి మొదటినుంచి చేయాలి. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు ఉన్న పిల్లలు ముందు తమకు వచ్చిన భాషలోనే చెప్పనివ్వండి. భావం కుదిరాక ఇంగ్లీషులో రాయమనండి.

విద్యార్థులకు ఒక సులువైన పద్ధతి చెబుతాను. మగ్రిబ్ తర్వాత ఆరోజు పాఠం చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాయండి. తర్వాత తెరిచి, వదిలేసినవి ఎర్రసిరాతో చేర్చండి. ఇది మీ సబఖ్. ఫజర్ తర్వాత పావుగంట నిన్నటిదీ మొన్నటిదీ చూడకుండా చెప్పుకోండి. ఇది సబ్ఖీ. ఆదివారం పాత అధ్యాయాల్లోంచి లెక్కలు కలిపి చేయండి. ఇది మన్‌జిల్. ఆ సమయంలో ఫోన్ వేరే గదిలో ఉండాలి. ఇషా తర్వాత ఎక్కువ మేలుకోవద్దు. నిద్రపోయినప్పుడే చదివింది కుదురుకుంటుంది. వానలకు రోడ్లు మునిగి బడి ఆగినా ఈ చివరి రెండు పనులూ ఆపకండి.

తల్లులకు ఒక మాట. “మాకు చదువు రాదు, మేమేం చూస్తాం?” అంటారు. అమ్మా, పాఠం మీకు రానక్కర్లేదు. “ఈరోజు ఏం నేర్చుకున్నావు, నాకు చెప్పు” అని అడగండి. బిడ్డ తడబడిన చోట “అక్కడ మళ్లీ చూసుకో” అనండి. తడబాటు పట్టుకోవడానికి చదువు అక్కర్లేదు, చెవి ఒగ్గితే చాలు.

ఇక దాతలకు నా మనవి. హిఫ్జ్ చేసే పిల్లవాడికి రోజూ వినే ఉస్తాద్ ఉన్నాడు. చేపల చెరువు మీద పనికి వెళ్లే తండ్రి కొడుక్కి, ఆటో తోలే అన్న కూతురికి ఎవరున్నారు? ప్రతి పేటలో సాయంత్రం పూట ఒక గది, వెలుతురు, చాపలు, ఒక ఫ్యాను, ముఖ్యంగా అప్పజెప్పించుకునే ఒక మనిషి కావాలి. ఆడపిల్లలకు ఇంటి దగ్గర్లోనే, ఒక అక్క చూసుకునేలా ఏర్పాటుండాలి. డిగ్రీ చదివే మన పిల్లలే ఈ పని చేయగలరు. వాళ్లకు నెలకు కొంత ఇద్దాం. నేర్పితే వాళ్ల చదువూ గట్టిపడుతుంది. మొదటి ర్యాంకుకు షీల్డు ఇవ్వడం మంచిదే. అయితే 35 మార్కుల దగ్గర ఊగిసలాడే పిల్లవాడికి మన అవసరం ఎక్కువ. డబ్బు ఇవ్వలేనివారు వారానికి ఒక గంట ఇవ్వండి. అదీ సదఖాయే.

తాడేపల్లిగూడెంలో 2015లో ఎన్‌ఐటీ మొదలైంది. అందులో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే. మన వాకిట్లోనే ఉన్న ఆ గేటును బయటినుంచి చూసిన పిల్లలు లోపలికి కూడా వెళ్లాలి.

మన దీన్‌లో మొదటి వహీ చదవమనే ఆజ్ఞతోనే వచ్చింది. చదివేవారికి వినేవారు తోడవ్వాలి. అల్లాహ్ మన పిల్లలకు మేలు చేసే ఇల్మ్‌ను, వారికి తోడు నిలిచే మనసును మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.