బాధితురాలి మొర, జమాఅత్ బాధ్యత

అల్లాహ్‌ను స్తుతిస్తున్నాము. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతిశుభాలు వర్షించుగాక!



ఇంటి గుట్టు రట్టు చేయరాదని తరతరాలుగా మనము చెప్పుకుంటున్నాము. దెబ్బలు తిన్న ఆడపడుచు పుట్టింటి గడప తొక్కితే, ముందుగా మనము బోధించేది సబ్ర్. సబ్ర్ ఉత్తమ గుణమే. కాని అది దౌర్జన్యాన్ని కప్పిపుచ్చే ముసుగు కాదు. చెడును బాహాటంగా చాటటం అల్లాహ్‌కు నచ్చదనీ, అన్యాయానికి గురైనవారికి మాత్రం ఆ అనుమతి ఉన్నదనీ నిసా సూరా 148వ ఆయత్ తెలుపుతున్నది.

హజ్రత్ ఖౌలా (ర.అ) తన భర్త చేసిన అన్యాయాన్ని దైవప్రవక్త (స) సన్నిధిలో మొరపెట్టుకున్నారు. అదే ఇంటిలో ఒక మూలన ఉన్న హజ్రత్ ఆయిషా (ర.అ)కు సైతం ఆ మాటలన్నీ వినబడలేదు. అల్లాహ్ విన్నాడు. ఆ మొర ప్రస్తావనతోనే ముజాదలా సూరా ప్రారంభమైనది.

మన తెలుగునాట కొండపల్లి కోటేశ్వరమ్మ గారి జీవితం చూడండి. ఆమె బాల్యంలోనే వితంతువు. పునర్వివాహం చేసుకున్న తరువాత భర్త విడిచిపోయాడు. ఆమె తిరిగి చదువుకున్నారు, హాస్టల్‌లో ఉద్యోగం చేసి స్వశక్తితో బ్రతికారు. తొంభై ఏళ్ళు దాటాక, 2012లో, 'నిర్జన వారధి' పేరిట తన కథ తానే వెల్లడించారు. 2018లో ఈ కొండల దిగువన విశాఖపట్నంలో కన్నుమూశారు. విడిచిపోయినవాడు ఆమె విలువను తనతో తీసుకుపోలేకపోయాడు. ఆదం సంతతికి గౌరవాన్ని ప్రసాదించినవాడు అల్లాహ్ అని బనీ ఇస్రాయీల్ సూరా 70వ ఆయత్ చెబుతున్నది. భర్త ఇవ్వని దానిని భర్త తీసివేయలేడు.

సోదరులారా! మనము నివసించే ఈ అరకు, పాడేరు కొండలలో గిరిజనుల ఆచారం మనకు తెలియనిది కాదు. కాపురం పొసగకపోతే పెద్దలు కూర్చొని ఓలి సొమ్ము సంగతి తేలుస్తారు. ఆమె మరల పెండ్లాడవచ్చును. మన షరీఅత్‌లోనూ ఖులా ఉన్నది. హజ్రత్ సాబిత్ (ర.అ) భార్య, మహర్‌గా పొందిన తోటను తిరిగి ఇచ్చి విడిపోయారు. అయితే ఆమె తన భర్త నడవడిలో లోపం ఎంచలేదు. వేధించి, విసిగించి, ఇచ్చిన దానిని రాబట్టుకొనటాన్ని నిసా సూరా 19వ ఆయత్ నిషేధిస్తున్నది. కనుక, కొట్టినవాడు "మహర్ వదులుకుంటేనే ఖులా" అని బేరమాడితే, మన పెద్దలు ఆ బేరానికి సాక్షులు కారాదు.

దైవప్రవక్త (స) ఏనాడూ ఏ స్త్రీపైనా చేయి చేసుకోలేదని హజ్రత్ ఆయిషా (ర.అ) సాక్ష్యమిచ్చారు. ఆయన సున్నత్‌ను గడ్డంలోనూ దుస్తులలోనూ వెతుక్కునే మనము, ఇంటి నాలుగు గోడల మధ్య ఎందుకు మరచిపోతున్నాము?

భర్త క్రూరత్వం కారణంగా వివాహ రద్దు కోరే హక్కును 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టం ఇచ్చినది. కాపురమున్న ఇంటిలోనే నివసించే హక్కును 2005 నాటి గృహహింస చట్టం కల్పించినది. 181 నంబరుకు ఫోన్ చేస్తే సహాయం అందుతుంది. ఈ సంగతులు నేడే మన ఇండ్లలో తెలుపుదాము. మన ఆడబిడ్డ నోరు విప్పిన నాడు, "నీ తప్పేమిటి?" అని అడగక ముందు, ఆమె చెప్పేది చివరిదాకా విందాము.

ఓ అల్లాహ్! పీడితుల మొరను ఆలకించు. పీడకులకు పశ్చాత్తాప భాగ్యం కలిగించు. మా చేతులను, నాలుకలను దౌర్జన్యం నుండి కాపాడు. ఆమీన్.