ధర రాయని కాంట్రాక్టు చెల్లుతుందా?

"ధర తర్వాత చూసుకుందాం" అని విదేశీ పార్టీతో సరుకు ఒప్పుకుంటే అది కాంట్రాక్టేనా అని కొందరు అడిగారు.

అంతర్జాతీయ అమ్మకాలపై 1980 నాటి వియన్నా ఒప్పందం, అదే సీఐఎస్‌జీ, ఇక్కడ కాస్త తికమక పెడుతుంది. 14వ అధికరణం ప్రకారం ఆఫర్‌లో ధర ఉండాలి, కనీసం దాన్ని తేల్చే పద్ధతైనా ఉండాలి. 55వ అధికరణమేమో, ధర లేకుండానే కాంట్రాక్టు చెల్లుబాటుగా కుదిరితే, ఆ రోజున ఆ వ్యాపారంలో నడిచే ధరే అనుకోమంటుంది.

గోధుమలకైతే సరే, మార్కెట్ రేటు ఉంటుంది. మరి విమానం ఇంజిన్‌కి? ప్రాట్ అండ్ విట్నీకీ, హంగేరీ విమాన సంస్థ మాలెవ్‌కీ నడిచిన కేసు అదే. 1992లో హంగేరీ సుప్రీంకోర్టు అసలు కాంట్రాక్టే లేదని తేల్చేసింది. తీర్పు కటువే అనిపిస్తుంది నాకు. కానీ ఇంజిన్‌కి బజారు రేటు కోర్టు మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తుంది?

మన దేశం ఆ ఒప్పందంలో చేరలేదు. మన 1930 చట్టం 9వ సెక్షన్ ధర తేలకపోతే సమంజసమైన ధర ఇమ్మంటుంది. ఆ ధీమాతో ఉండకండి. కాంట్రాక్టులో ఊరికే "జర్మనీ చట్టం" అని రాసి ఉంటే, దాంతోపాటు సీఐఎస్‌జీ కూడా వచ్చేస్తుంది. అంకె వెయ్యలేకపోతే ఏ తేదీ, ఏ మార్కెట్, ఏ కరెన్సీ అన్నదైనా రాసుకోండి.

మధ్యలో ధర మార్చుకునే క్లాజుల సంగతి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.