కొత్త క్లచ్చికి మొదటి అయిదు వందల కిలోమీటర్లు

హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే రహదారిని పెద్దవారు ఇప్పటికీ తొమ్మిదవ నెంబరు రోడ్డనే అంటారు. 2010లో సంఖ్యలు మార్చినప్పుడు అది 65 అయినది. ఆ దారిలో హైదరాబాదుకు సుమారు 110 కిలోమీటర్ల దూరాన నకిరేకల్ ఉన్నది. అక్కడి నుంచే నల్లగొండ, నాగార్జునసాగర్ల వైపు 565వ జాతీయ రహదారి చీలుతుంది. ఏడాదంతా ఆ ఊరి మీదుగా వాహనాలు సాగుతూనే ఉంటాయి గాని, సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు సాగవు, పాకుతాయి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయినా, పండుగనాటి వరుసలు పూర్తిగా పోలేదు.

అటువంటి వరుసలోనే ఒక సంక్రాంతికి మా కారు క్లచ్చిని మేమే చేజేతులా కాల్చుకొన్నాము. తప్పు బండిది కాదు, రోడ్డుది కాదు. ముందు బండి రెండడుగులు కదిలితే మేమూ రెండడుగులు కదలడం, మొదటి గేరులో క్లచ్చి సగం తొక్కిపట్టి ఉంచడం, ఇట్లా రెండు గంటలు గడచినవి. కాగితం మాడినట్టు వాసన వచ్చినది. పక్క లారీదేమో అనుకొన్నాము. నకిరేకల్ దాటీ దాటక ముందే ఇంజను రొద పెరిగినది గాని బండి ముందుకు పోలేదు. చీకటి పడినది. వెనుక సీటులో మా అమ్మగారు, ప్రక్కనే రివ్వున పోయే బస్సులు. ఆ అరగంట మేము మరచిపోగలది కాదు.

బండిని ఊళ్లోకి లాగించినాము. మరునాడు మేస్త్రీ గేర్‌బాక్సు దించి, ప్లేటు తీసి మా చేతిలో పెట్టినాడు.

"మాడి బొగ్గయింది సార్. కాలు క్లచ్చి మీదనే పెట్టుకొని కూసున్నరా?"

జవాబు చెప్పడానికి మాకు నోరు రాలేదు.

క్లచ్చి పని చెప్పడానికి పెద్ద శాస్త్రమక్కరలేదు. ఇంజనుతో తిరిగే బరువైన ఇనుప చక్రం ఒకటి, అది ఫ్లైవీలు. స్ప్రింగు బలంతో నొక్కే ప్రెషర్ ప్లేటు మరొకటి. ఈ రెంటి నడుమ చిక్కుకొని తిరిగేది క్లచ్ ప్లేటు. పెడలు తొక్కితే నొక్కుడు సడలి, ఇంజనుకు చక్రాలకు సంబంధం తెగుతుంది. వదిలితే మళ్లీ కలుస్తుంది. కలిసే ఆ ఒకటి రెండు క్షణాలలో మాత్రమే ప్లేటు రాచుకొంటుంది. పూర్తిగా పట్టిన తరువాత రాపిడి లేదు, వేడి లేదు. సగం తొక్కిపట్టితే ఆ ఒకటి రెండు క్షణాలు గంటలవుతాయి. మేము చేసినది అదే.

కొత్త ప్లేటు కంటికి నున్నగానే కనబడుతుంది గాని, దాని ముఖమూ ఫ్లైవీలు ముఖమూ ఇంకా ఒకదానికొకటి అమరలేదు. మిట్టలు మాత్రమే తగులుతాయి. భారమంతా ఆ మిట్టల మీదే పడుతుంది. అప్పుడే గట్టిగా రాపాడిస్తే అవి మితిమీరి కాగి, నారను పట్టి ఉంచే రెసిన్ జిగురు పైకి తేలి గాజులాగా గట్టిపడుతుంది. అటు తరువాత ఆ ప్లేటు జారుతుందే గాని పట్టదు.

మేస్త్రీ ఇదంతా తన మాటలలో చెబుతుంటే, అరుగు మీద కూర్చున్న మా అమ్మగారు, "అయితే కొత్త తిరగలి లాంటిదన్నమాట నాయనా. తవుడు వేసి ఆడించందే పిండికి పనికిరాదు," అన్నారు.

"అంతే అమ్మా, మంచిగ చెప్పిన్రు," అన్నాడతడు.

అతడు ఫ్లైవీలును లేతు మీద పట్టించి తెచ్చినాడు. అందుకు ఒక పూట ఆలస్యమైనది. మాకు విసుగు వచ్చిన మాట దాచము. కాని పాత వేడికి నీలిమచ్చలు తేలిన ముఖం మీద కొత్త ప్లేటు వేస్తే బండి వణుకుతుంది. రిలీజ్ బేరింగును కూడ మార్చినాడు. గేర్‌బాక్సు దించే కూలి ఎట్లాగూ ఒకటే గదా. ఆయిలు సీలు కారుతున్నదేమో చూచి, చేతులు తుడుచుకొని మరీ ప్లేటు ముట్టుకొన్నాడు. దాని మీద గ్రీజు మరక పడరాదు.

ఇక అసలు చిక్కు. నిండా సామానుతో, పెద్దామెతో, కొత్త క్లచ్చితో మిగిలిన దారి పోవచ్చునా? మొదటి అయిదు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలని మేమూ వినియున్నాము.

"అయిదొందలని మీటరు సూసి లెక్కవెట్టుడు కాదు సార్. ఎన్నిసార్లు గేరు మార్సిన్రన్నదే లెక్క. పెద్ద రోడ్డు మీద పోతే దానికేం కాదు, పనిగూడ దొరకదు. లైన్ల ఆగినప్పుడే పైలం."

ఈ మాట మాకు గొప్పగా తోచినది. హైదరాబాదుకు నకిరేకల్‌కు అయిదు మార్లు పై గేరులో పోయి వస్తే వేయి కిలోమీటర్లు నిండుతాయి. క్లచ్చి మాత్రం కొత్తదిగానే మిగిలిపోతుంది. ఊరి వీధులలో ఆగుతూ కదులుతూ తిరిగితేనే ముఖాలు అమరుతాయి. త్వరగా అమరుతుందని కావాలనే జార్చి నడిపేవారు కొందరున్నారు. అది తిరగలిని నిప్పు మీద పెట్టడమే. గేరులు వాటంతట మారే ఏఎమ్‌టీ బండ్లవారు తమకిది పట్టదనుకోరాదు. వాటిలోనూ ఇదే ప్లేటు ఉన్నది, పెడలు మాత్రమే లేదు.

ఆ తరువాతి వరుసలో మేము గేరు తప్పించి, హ్యాండ్ బ్రేకు వేసి, కాలు తీసి కూర్చున్నాము. ముందు ఒక బండి పట్టేంత చోటు ఖాళీ అయినప్పుడే కదిలినాము. వెనుకవారు హారన్లు మోగించినారు. మోగించనిచ్చినాము. ఊరు చేరిన తరువాత పక్షం రోజులు సంతకు, గుడికి, చుట్టాల ఇండ్లకు చిన్న చిన్న తిరుగుళ్లు. దూకుడుగా లేవడం లేదు, నిండు బరువు లేదు. ఎత్తులో ఆగితే హ్యాండ్ బ్రేకే గాని క్లచ్చి కాదు. మొదట కొంచెం వణుకు ఉండేది, వారంలో పోయినది.

తిరుగు ప్రయాణంలో నకిరేకల్ దగ్గర ఆగినాము. మాది తీగెతో లాగే పాత పద్ధతి క్లచ్చి. ప్లేటు అరుగుతూ అమరేకొద్దీ పెడలు పైన ఉండే ఆట తగ్గుతుంది. పూర్తిగా పోతే బేరింగు ఎల్లప్పుడూ ఆనుకొని ఉండి క్లచ్చి జారడం మొదలవుతుంది. మేస్త్రీ వంగి, పెడలును చేతితో రెండుమార్లు నొక్కి చూచి, బానెట్ ఎత్తి నట్టును కొంచెం వదులు చేసినాడు. డబ్బులివ్వబోతే వద్దన్నాడు. అమ్మగారు సంచిలోంచి అరిసెల పొట్లం తీసి ఇచ్చినారు.