ఇంటిపని విలువ, కృతజ్ఞత
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పులు, రికవరీ లెక్కలన్నీ మీ చేతిలోని నివేదికలో ఉన్నాయి. ఏ లెక్కలోకీ ఎక్కని పని ఒకటి ఉంది. అది మనం దినామూ చేసే ఇంటిపని. దాని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఇంటిపనిలో కృతజ్ఞత అంటే మనలో చాలామందికి నవ్వొస్తుంది. పొద్దున్నే కసువు ఊడ్చి, కల్లాపి చల్లి, నీళ్లు పట్టి, సంగటి కెలికి, బోకులు తోమి, మళ్లీ కూలికి పరుగెత్తేవాళ్లం ఎవరికి దండం పెట్టాల అని అడుగుతాం. న్యాయమైన ప్రశ్నే. కష్టాన్ని దిగమింగి నోరు మూసుకోవడమే కృతజ్ఞత అయితే అట్లాంటిది మనకొద్దు. జరిగిన మేలును గుర్తుపెట్టుకోవడం, దాన్ని నోరు తెరిచి చెప్పడం, చేతనైనంత తిరిగి చేయడం. మనం ఈరోజు చెప్పుకునే కృతజ్ఞత ఇది.

మన ఉమ్మడి జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ అదునుకు పడదు. వాన తప్పిన ఏడు బుడ్డల చేన్లో పెట్టుబడి కూడా చేతికి రాదు. అట్లాంటి ఏడు సంసారం నిలబడేది వంటింట్లోనే. బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్టిలోకి పోతాయి. బోకులు కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోతాయి. బుడ్డలు వొలిచిన పొట్టు పొయ్యిలోకి, బుడ్డల కట్టె ఎనుములకు. కూరగాయలు కొనలేని పూట గుప్పెడు బుడ్డలు వేయించి, ఎండుమిరపకాయలు వేసి నూరితే సంగటిలోకి ఊరుబిండి తయారు. ఇవన్నీ ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు. అమ్మ చెయ్యి, అత్త చెయ్యి చూసి నేర్చుకున్నాం. కరువును ఈదిన ఆ ముసలమ్మలకు మనం మొదట దండం పెట్టాల.

రెండోది, మన చాకిరీ తగ్గించినవాటిని తలుచుకుందాం. బోరు నీళ్లలో ఫ్లోరైడు, బిందె కోసం మైళ్ల నడక, ఇవి మన పెద్దలకు బాగా తెలుసు. 1995-96లో సత్యసాయి తాగునీటి పథకం ఉమ్మడి జిల్లాలో 700కు పైగా పల్లెలకు నీళ్లు తెచ్చింది. 1999లో వచ్చిన దీపం పథకం పొదుపు సంఘాల ఆడవాళ్ల పేరుతో గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. కొళాయి తిప్పినప్పుడు, పొగ లేకుండా పాలు కాగినప్పుడు ఒక్క నిమిషం గుర్తు చేసుకుంటే పని తేలికవుతుంది. ఇంకా ట్యాంకరు కోసం కాచుకునే పల్లెలున్నాయనే సంగతీ అప్పుడే గుర్తుకు రావాల. మనకు అందినది వాళ్లకూ అందేదాకా అడగడం కూడా కృతజ్ఞతే.

మూడోది అసలు మాట. మనం అందరికీ కృతజ్ఞత చెప్తాం. మనకు ఎవరు చెప్తారు?

కేంద్ర ప్రభుత్వం 2024లో జనం తమ టైమును ఎట్లా గడుపుతున్నారో సర్వే చేయించింది. జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. చెయ్యి పెట్టే మగవాళ్లే తక్కువ. 2019 సర్వేలో వాళ్లు నూటికి 26 మంది.

మనం లెక్క తెలిసినవాళ్లం, కూడి చూద్దాం. రోజుకు 289 నిమిషాలంటే ఏడాదికి సుమారు 1,758 గంటలు. రోజుకు 8 గంటల కూలి లెక్కన ఇది దాదాపు 220 రోజులు. 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం ఇంటికి ఏడాదికి 100 రోజుల పని హామీ ఇచ్చింది. దానికి రెండింతలకు పైగా మనం మస్టరు లేకుండా ఇంట్లో చేస్తున్నాం. "నువ్వేం చేస్తావు, ఇంట్లోనే కదా ఉండేది" అని ఎవరైనా అంటే ఈ 220 రోజుల లెక్క చెప్పండి.

కోర్టు కూడా ఈ మాట ఒప్పుకుంది. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన గృహిణి కుటుంబానికి నష్టపరిహారం కేసులో 2021 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సంపాదన లేదని ఆమె పనికి విలువ లేదనడం సరికాదని, ఆ పనికీ ఆదాయం లెక్క కట్టాలని చెప్పింది. ఆ తీర్పులో ఇంటిపని గురించి విడిగా వివరంగా రాసింది మన తెలుగాయనే, జస్టిస్ ఎన్.వి. రమణ. అయితే మనిషి పోయినాక కట్టే విలువ ఒకటి, బతికుండగా ఇచ్చే విలువ ఒకటి. రెండోది మన ఇళ్లలోనే మొదలుకావాల.

అందుకని ఈ ఏడాది మూడు పనులు పెట్టుకుందాం.

ఒకటి, సంఘం మీటింగులో పొదుపు కట్టినాక అయిదు నిమిషాలు తీసి, ఈ వారం ఇంట్లో తనకు ఎవరు ఏ సాయం చేసినారో ఒక్కో అక్క చెప్పాల. చెప్పేదానికి ఏమీ లేకుంటే అదీ చెప్పాల.

రెండు, ఇంట్లో మగవాళ్లు, మగపిల్లలు ఒక్కొక్కరు ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా తమదిగా చేసుకోవాల. నీళ్లు పట్టేదైనా సరే, తిన్న తట్ట కడిగేదైనా సరే. "బాగుంది" అనే మాట మంచిదే. ఆ మాటతో పాటు చెయ్యి కూడా కదిలితే అది నిండు కృతజ్ఞత.

మూడు, మిక్సీకో గ్రైండరుకో అప్పు అడిగిన అక్కను "దీంతో ఆదాయమేముంది" అని వెనక్కి పంపొద్దు. ఆమెకు మిగిలే గంట కూడా ఆదాయమే.

ఆఖరుగా ఒక్క మాట. మనం ఈరోజు ఇక్కడ కూర్చున్నామంటే ఇంట్లో ఎవరో మన పని ఎత్తుకున్నారు. అత్త పసిబిడ్డను చూసుకుంటూ ఉంటుంది, మొగుడు ఎనుముకు మేత వేసుంటాడు. ఇంటికి పోతూనే ఆ మాట వాళ్లకు చెప్పండి. బడి మానేసి కూతురు మన పని చేసిందా? అయితే ఆ బిడ్డకు నోటిమాట సరిపోదు. రేపు పొద్దున చీపురు మనం పట్టుకుని బిడ్డను బడికి పంపుదాం. ఆమెకు మనం చెల్లించాల్సిన కృతజ్ఞత అదే.